పొడుం డబ్బాలో తొలికాపు

"ఆపండి! పాట ఆపండి!"

తిమోతి మాస్టారు చర్చి ఆవరణలోకి పరిగెత్తుకొచ్చేసరికి గుమ్మడికాయ వేలం మంచి పట్టులో ఉంది. తాటాకు పందిరి కింద అల్లూరు సంఘమంతా కూర్చుంది. సంఘపెద్ద యెహోషువ గుమ్మడికాయను పసిబిడ్డలా చంకనెత్తుకుని "ఒకటోసారీ... రెండోసారీ..." అంటున్నవాడల్లా నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు, ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటని మనిషి, ఇప్పుడు గుండీలు తప్పుగా పెట్టుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా వచ్చి నిలబడ్డాడు.

"ఏంది సార్, గుమ్మడికాయ మీకే కావాల్నా? చెప్తే పక్కన పెట్టేవాణ్ణి గదా!"

"గుమ్మడికాయ కాదన్నా. నా డబ్బా. ఇంత పొడుం డబ్బా, తెల్ల గుడ్డలో మూటకట్టి ఉంటది. కానుకల్లోకి వచ్చిందా?"

పందిరి ఘొల్లుమంది. "ముక్కుపొడుం ఎప్పుడు మొదలుపెట్టినారు సార్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"అందులో పొడుం లేదు," అన్నాడు తిమోతి. "చిమ్మెట ఉంది. నా చిమ్మెట."

నవ్వు రెండింతలయింది. ఇసకపల్లి కాలవగట్ల మీద భూతద్దం పట్టుకుని మోకాళ్ళ మీద పాకే ఈ మాస్టారిని ఊళ్ళో వెనక 'పురుగుల సార్' అంటారు. ఇవాళ మొహం మీదే అనేశారు.

యెహోషువ మాత్రం నవ్వలేదు. గుమ్మడికాయ మెల్లగా దించాడు. "వచ్చింది సార్. కట్టుమూటగా వచ్చింది. పాట కూడా అయిపోయింది."



అల్లూరు కోత పండగలో కట్టుమూట అంటే అందరికీ సరదా. ప్రతి ఇల్లూ ఆ ఏడు తనకు పండినదాంట్లో మొదటిది తెచ్చి దేవుడి బల్ల ముందు పెడుతుంది. తొలి వడ్లు, తొలి గుమ్మడికాయ, కోడి పెట్టిన తొలి గుడ్డు. కొందరు మూటకట్టి తెస్తారు. ఆ మూటను విప్పకుండానే వేలం వేస్తారు. లోపల ఏముందో తెచ్చినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. పాడుకున్నవాడు ఇల్లు చేరేదాకా విప్పకూడదని కట్టుబాటు. ఒకసారి మూటలో వెండి మట్టెలు వచ్చాయి, ఇంకోసారి ఎండురొయ్యలు.

"ఎవరు పాడుకున్నారు?"

"రంగనాయకులు గారు. ఏడాదేడాదీ వస్తాడు గదా పెద్దమనిషి. మూట తీసుకుని బిట్రగుంట దోవలో సవారిబండెక్కి పోయినాడు. వాళ్ళ ఊరు దగ్గరే."

"మూట బల్ల మీద పెట్టిందెవరు?"

ఈ ప్రశ్నకు అయ్యగారు, అంటే పాస్టరుగారు, కళ్ళజోడు సవరించుకుని జవాబిచ్చారు. "కానుక తెచ్చిన చేతిని మేం చూడం తిమోతీ. పొద్దున్నే తలుపులు తీసిపెడతాం. ఎవరిది వాళ్ళు బల్ల మీద పెట్టి పోతారు. ఎవరేం తెచ్చినారని అడగటం మన సంఘంలో లేదు."

అప్పుడే పుష్పకుమారి రొప్పుకుంటూ ఆవరణలోకి వచ్చింది. భార్యను చూడగానే తిమోతి మొహం గట్టిపడింది. ఇందాక ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. బల్ల మీద డబ్బా కనపడకపోయేసరికి "నువ్వే సర్దినావు" అన్నాడతను. "నేను ముట్టలేదు" అందామె. "మరి ఎవరు ముట్టినట్టు?" అంటే ఆమె నోరు విప్పలేదు. చాలాసేపటికి, "పండగ బల్ల మీదికి ఏదో చిన్న మూట పోయినట్టుంది, పోయి చూడండి" అని మాత్రం అంది. నువ్వు కాకపోతే మూట సంగతి నీకెట్టా తెలుసు అని అడగటానికి కూడా అతను ఆగలేదు.

ఇప్పుడు పందిరిలో ఆడవాళ్ళందరూ పుష్పకుమారి వంకే చూస్తున్నారు. వంటింట్లో చింతపండు జాడీ పక్కన గొంగళిపురుగుల సీసాలు పెడతాడని ఆమె బావి దగ్గర మొత్తుకోవడం అందరూ విన్నదే.

వాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఆ చిమ్మెట బొమ్మ గీసింది ఆమే.

ఉప్పునేలలో ఎర్రెర్రగా పెరిగే ఇలకూర ఆకు లోపల, రెండు పొరల మధ్య సొరంగం తవ్వుకుని బతుకుతుంది ఆ పురుగు. రెక్కలొచ్చాక కూడా వడ్లగింజంత ఉండదు. నిరుడు తిమోతికి ఆడవి మాత్రమే దొరికాయి. కలకత్తాలో ఇలాంటి చిన్న చిమ్మెటలనే జీవితమంతా చదివిన డాక్టర్ సంజీవరావు గారికి పంపితే, ఆయన జవాబు రాశారు. ఇది లోకానికి కొత్త జాతిలాగే ఉంది, కానీ మగదాని ఒళ్ళు పరీక్షించకుండా ఆ మాట అచ్చులో అనలేం, ఒక్కటి, చెడని మగది కావాలి. ఈ ఏడు ఉప్పుకయ్యల వాళ్ళు గట్లన్నీ తగలబెట్టి కొత్త మడులు కట్టారు. మిగిలిన గుప్పెడు ఆకుల్లోంచి ఒకే ఒక్క మగ చిమ్మెట బయటికి వచ్చింది. మళ్ళీ వెతుకుదామంటే ఆ మొక్కే లేదు. సంజీవరావు గారు ఇవాళ మద్రాసు నుంచి కలకత్తా మెయిలు బండిలో పోతున్నారు. పొద్దుగూకే వేళకు బిట్రగుంటలో ఇంజను మారుస్తారు కాబట్టి బండి కాసేపు ఆగుతుంది. అక్కడ అందుకుని, ఆయన దాన్ని తనతో లండను తీసుకెళ్ళి అక్కడి మ్యూజియంలో ఉన్న పాతవాటితో పోల్చి చూస్తారు. ఆయన ఈ దారిన మళ్ళీ వచ్చేది లేదు. ఈ సాయంత్రం డబ్బా చెయ్యి మారకపోతే, ఆ జాతికి పేరు లేదు. తిమోతి అన్నేళ్ళ పాకులాటకు అర్థం లేదు.

"ఎద్దుల బండి ఎంత దూరం పోయుంటుంది?" అన్నాడు.

"పరిగెత్తితే అందదు," అన్నాడు యెహోషువ. "అదిగో, దాన్ని అడగండి."

చర్చి గేటు బయట ఎన్నికల జీపు ఒకటి ఆగి ఉంది. జనం కనపడితే చాలు ఆగే కాలమది. మైకు ముందు కూర్చున్న జయకుమార్ తిమోతి దగ్గర చదువుకున్నవాడే. సైన్సులో తప్పినవాడు కూడా.

"ఎక్కండి సార్. బిట్రగుంట దోవలో ఓట్లు మాకూ కావాల."

తిమోతి ముందుకు దూకాడు. పుష్పకుమారి చెప్పకుండానే వెనక ఎక్కింది. జీపు కదలబోతుంటే పందిరిలోంచి ఒక కర్ర పైకి లేచింది.

"నేనూ వస్తా. ఆపండబ్బయా!"

మగ్దలీనమ్మ, తిమోతి తల్లి. నెల్లూరు చుట్టుపక్కల మిషను ఆస్పత్రుల్లో నర్సుగా పనిచేసి, ఇప్పుడు రెండు కళ్ళలోనూ పువ్వు వేసి ఇంటిపట్టున ఉంటోంది. మనుషుల్ని గొంతుతో పోల్చుకుంటుంది.

"నువ్వెందుకమ్మా, దుమ్ములో?"

"రంగయ్య నా మాట కాదనడు. వాడు పుట్టినప్పుడు ఏడవకపోతే తలకిందులుగా పట్టుకుని వీపున రెండు వేసింది నేనే. పట్టు, చెయ్యి పట్టు."

కోడలు చెయ్యి పట్టుకుని ఎక్కించింది. జీపు దుమ్ము లేపుకుంటూ బయలుదేరింది.

కోతలయిన పొలాలు రెండు పక్కలా పసుపుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. కుప్పల దగ్గర జనం జీపు చూసి చేతులూపారు. జయకుమార్ అలవాటుగా "అక్కలారా, అన్నలారా" అని మొదలుపెట్టి, మాస్టారి మొహం చూసి ఆపేశాడు. తిమోతికి ఒకటే భయం. కట్టుబాటు కట్టుబాటే, రంగనాయకులు గారు మాట తప్పే మనిషీ కాదు. కానీ ఆయన ముక్కుకు కట్టుబాటు లేదు. జేబులో ఒకటి, మొలలో ఒకటి పొడుం డబ్బాలు పెట్టుకుని తిరిగే మనిషి. గుడ్డలోంచి చేతికి తగిలిన ఆకారం గుర్తుపట్టకుండా ఉంటాడా? గుర్తుపట్టాక ఊరుకుంటాడా? మూత తీసి, గాలికి ఎదురుగా, ఒక్క తుమ్ము తుమ్మితే!

చెరువుకట్ట మలుపు తిరగ్గానే ముందర సవారిబండి కనపడింది. ఎద్దులు ఇంటి ముఖం పట్టి జోరుగా పోతున్నాయి. జీపు ముందు గొర్రెల మంద అడ్డం పడింది. హారను కొట్టినా కదలవే.

తిమోతి మైకు లాక్కున్నాడు.

"రంగనాయకులు గారూ! బండి ఆపండి! మూట విప్పొద్దు!"

పొలాలన్నీ మారుమోగాయి. కుప్పలేసేవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని నిలబడి చూశారు.

"రంగనాయకులు గారూ! డబ్బా తెరవొద్దు! తెరిస్తే తుమ్మొద్దు! దయచేసి తుమ్మొద్దు!"

"మా పార్టీ పరువు పోతుంది సార్," అని గొణిగాడు జయకుమార్.

బండి ఆగింది. తిమోతి గొర్రెల మధ్యలోంచి పడుతూ లేస్తూ పరిగెత్తాడు. బండిలో రంగనాయకులు గారు బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో విప్పిన గుడ్డ. ఎడమ అరచేతిలో మూత తీసిన డబ్బా. పెదాలు సున్నాలా చుట్టి, ఊదడానికి గాలి పీల్చుకున్నవాడు అలాగే బిగుసుకుపోయి ఉన్నారు.

"ఊదొద్దు!" అన్నాడు తిమోతి, ఊపిరాడక.

ఆయన గాలిని ముక్కుతో మెల్లగా వదిలారు, తల పక్కకు తిప్పి. "తప్పే అయ్యవారా. ఇల్లు చేరకముందే విప్పినా. చేతికి డబ్బా తగిలేసరికి, ఆహా, మనవాళ్ళు నా అలవాటు కనిపెట్టి మంచి పొడుం పెట్టినారే అనుకున్నా. తీరా చూస్తే కలరా ఉండల వాసన. లోపల బెండుముక్క, దానికొక సూది. సూదికేదో దుమ్ము అంటుకోనుంటే ఊదేద్దామని..."

"ఆ దుమ్మే," అన్నాడు తిమోతి. "ఆ దుమ్ము కోసమే."

రెండు చేతులతో డబ్బా అందుకున్నాడు. జీలుగు బెండు మీద వెంట్రుకంత సూది. దాని మీద చిమ్మెట. రెక్కలు నాలుగూ ఉన్నాయి. మీసాలు రెండూ ఉన్నాయి. అతను మూత పెట్టి, నేల మీద చతికిలబడ్డాడు. వెనకే వచ్చిన పుష్పకుమారి కొంగుతో అతని మొహం మీది చెమట తుడిచింది. అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఏంది నర్సమ్మా, నువ్వు గూడా వచ్చినావా? ఏందీ గోల?" అన్నారు రంగనాయకులు గారు, కర్ర పొడుచుకుంటూ వస్తున్న మగ్దలీనమ్మను చూసి.

"నీ కళ్ళు బానే ఉండాయి గదా రంగయ్యా? భూతద్దం పెట్టి చూడు."

తిమోతి జేబులోంచి భూతద్దం తీసిచ్చాడు. ఆయన బండి గూడు నీడలో, గాలి తగలకుండా పై పంచ అడ్డం పెట్టుకుని, డబ్బా మీదికి వంగారు. చాలాసేపు ఏమీ కనపడలేదని విసుక్కున్నారు.

"తొందరపడొద్దు," అంది మగ్దలీనమ్మ. గుడ్డికళ్ళు ఎటో చూస్తున్నాయి. కానీ చెయ్యి మాత్రం గాలిలో నెమ్మదిగా కదిలింది, ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తున్నట్టు. "తల దగ్గర మొదలుపెట్టు. తల మీద కుచ్చు, పసుపు. కనపడిందా? ముందు రెక్క ముత్యం తెలుపు. మొదట్లో సన్నం, మధ్యలో కొంచెం వెడల్పు, కొసకు మళ్ళా సన్నం. దాని మీద మూడు గీతలు అడ్డంగా, రాగి రంగు. మూడోది సగంలో తెగిపోయి ఉంటది. రెక్క కొసన చుక్క ఒకటి, కాటుక పెట్టినట్టు. వెనక రెక్క మరీ సన్నం, దారప్పోగే. దానికి చుట్టూ కుచ్చు. రెక్క కన్నా కుచ్చే వెడల్పు."

రంగనాయకులు గారి నోరు కొంచెం కొంచెంగా తెరుచుకుంది. "ఉండాది," అన్నారు గుసగుసగా. "మూడోది తెగిపోయుండాది. చుక్క గూడా ఉండాది నర్సమ్మా! నీకు కళ్ళే లేవు గదా, ఎట్టా చూసినావు?"

"చూళ్ళేదు. రోజూ సాయంత్రం వీడు రాసింది చదివి వినిపిస్తాడు. ఇంగ్లీషులో రాసి, నాకు తెలుగులో చెప్తాడు. ఆ అమ్మాయి భూతద్దంలో చూసి బొమ్మ గీస్తా, ఇది తప్పు, ఆ గీత ఇంకా సన్నం అని సరిచేస్తాది. నేను మధ్యలో కూర్చోని వింటా. అంతే."

తిమోతి భార్య వైపు చూశాడు. ఆమె ఎద్దుల వైపు చూస్తోంది.

రంగనాయకులు గారు భూతద్దం తిరిగిచ్చారు. ఆయన మొహంలో ఎగతాళి లేదు. "ఇంత చిన్నదానికి ఇంత పనితనమా! దేవుడికి తీరుబడి శానా ఉండినట్టుండాదే. తీసుకో అయ్యవారా. దీన్ని నేనేం చేసుకునేది? కానీ ఒక్క మాట. దేవుడి దగ్గర పాడుకున్న వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు, ఎవరింటిదో వాళ్ళ పేరు చెప్పి ఇవ్వాల. మా నాయన కాలం నుంచీ అంతే. మూట కట్టిన చెయ్యి ఎవరిది?"

గొర్రెలు దాటిపోయాయి. మగ్దలీనమ్మ చేతిలో కర్ర నేల మీద ఒక్కసారి జారింది. ఆమె నోరు తెరిచింది.

"నాదే," అంది పుష్పకుమారి.

తిమోతి మొహం ఎర్రబడింది.

"ఇల్లు సర్దుతా, ఏ డబ్బాలో ఏముందో చూసుకోలేదు. నాదే తప్పు."

"ముట్టలేదంటివే," అన్నాడు తిమోతి.

"అబద్ధం చెప్పినా."

రంగనాయకులు గారు ఇద్దరి మొహాలూ చూసి, మొగుడూ పెళ్ళాల మధ్య తనకెందుకనుకున్నారేమో, "పుష్పకుమారమ్మ ఇంటిది పుష్పకుమారమ్మ ఇంటికే" అని గుడ్డ కూడా డబ్బా మీద పెట్టి ఇచ్చేశారు. జయకుమార్ హారను కొట్టాడు. బిట్రగుంట వైపు పొద్దు వాలుతోంది.

జీపులో తిమోతి వెనకసీట్లో కూర్చున్నాడు, డబ్బాను గుండెకు ఆనించుకుని. పక్కన భార్య. ముందుసీట్లో తల్లి. అతనికి కోపం పొంగుతోంది. పోయిందన్న కోపం కాదు, దొరికింది గదా. అన్ని రోజులు తనతో పాటు ఆ రెక్కల మీద గీతలు లెక్కపెట్టిన మనిషి, ఏ డబ్బాలో ఏముందో చూసుకోలేదంటుందా? బొమ్మ గీసేటప్పుడు ఊపిరి తగులుతుందని మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి?

మాటలు అనవలసి వస్తుందని చేతులకు పని కల్పించుకున్నాడు. డబ్బాను మళ్ళీ గుడ్డలో చుట్టబోయాడు. రంగనాయకులు గారు ముడి విప్పలేక పక్కనుంచి లాగేసినట్టున్నారు. ముడి ముడిగానే ఉంది. పాత నూలుచీర చింపు, ఉతికి ఉతికి మెత్తబడ్డది. చివర్లు లోపలికి మడిచి, బల్లపరుపుగా, రెండు మెలికలు వేసి కట్టిన ముడి. పుష్పకుమారి ముడి వేస్తే పువ్వులా లేచి ఉంటుంది. ఇది అలాంటిది కాదు. బిడ్డ బొడ్డుకు వేసే ముడి. జారకుండా, ఒరుసుకోకుండా, కళ్ళు మూసుకుని కూడా వేయగలిగిన ముడి.

తిమోతి తల ఎత్తాడు. ముందుసీట్లో తల్లి వీపు కనపడుతోంది. పండగకని కట్టుకున్న తెల్లచీర, నడినెత్తి మీద దుమ్ము.

అతని పెదాలు కదలబోయాయి. పుష్పకుమారి చెయ్యి వచ్చి అతని మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"ఊరుకోండి," అంది చెవిలో. జీపు మోతలో ఆ మాట అతనికి తప్ప ఎవరికీ వినపడలేదు. "పొద్దున అత్త మూట చేత్తో పట్టుకోనుంటే చూసినా. ఏదో గుడ్డు అనుకున్నా. మీరు బల్ల మీద వెతికేటప్పుడు గదా నాకు వెలిగింది. ఆ చేతుల్లో ఒక్క బిడ్డ కూడా జారలేదని నెల్లూరుదాకా చెప్పుకుంటారు. మీ పని జారిపోయింది ఆ చేతుల్లోనే అని నేనెట్టా చెప్పేది?"

తిమోతి ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నేను నిన్ను అన్ని మాటలన్నా గదా."

"అంటే అన్నారు. నాకు చెవులు గట్టివి."

ముందుసీట్లోంచి మగ్దలీనమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరితోనో కాదు, ఎదురుగాలితో మాట్లాడుతున్నట్టు.

"ఏడాదేడాదీ అందరూ వాళ్ళ పొలాన పండింది తెస్తారు. మనకు సెంటు నేల లేదు. మీ నాయన ఉన్నప్పుడూ లేదు. కొట్లో కొన్న బియ్యం తీసకపోయి దేవుడి ముందు పెట్టాలంటే నాకు తలకాయ వంగిపోయేది. దేవుడు అడగడనుకో. అయినా."

పుష్పకుమారి తిమోతి మణికట్టు వదల్లేదు.

"ఆ పురుగు బయటికొచ్చిన రోజు నువ్వు అరిచినావు చూడు అబ్బయ్యా. 'అమ్మా, పండింది! తొలికాపు!' అని. వంటింట్లోకి వచ్చి నన్ను ఎత్తి తిప్పినావు. ఇన్నేళ్ళకు మనింట్లో గూడా పంట పండిందే అనుకున్నా. తొలికాపు అంటే, వెనక ఇంకా కాస్తదనే గదా ఎవరైనా అనుకునేది? ఇంకోటి లేదని..." ఆమె కర్రను ఒళ్ళోకి లాక్కుంది. "ఇంకోటి లేదని ఎవరికి తెలుస్తది?"

తిమోతి ఆ ముడిని వేలితో తడిమాడు. ఊరంతా దుమ్మనుకున్నదాన్ని, తాను కంటితో చూడలేనిదాన్ని, అమ్మ ఇంట్లో ఉన్నవాటన్నిటిలోకీ గొప్పదనుకుని ఎంచి మూటకట్టింది. అతని పనిని ఇంతవరకూ పంట అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

బిట్రగుంట స్టేషను చేరేసరికి మెయిలు ప్లాట్‌ఫారం మీదే ఉంది. పాత ఇంజను షెడ్డు వైపు పోతోంది. కొత్త ఇంజను ఆవిరి కక్కుతూ వెనక్కి వచ్చి పెట్టెలకు తగులుకోబోతోంది. ఇడ్లీ పొట్లాలవాళ్ళు, కూజాలవాళ్ళు, కాఫీ కేకలు. తిమోతి కిటికీలన్నీ వెతుక్కుంటూ పరిగెత్తాడు.

"తిమోతి గారేనా?" పెట్టె తలుపు దగ్గర బట్టతల పెద్దమనిషి, మెడలో పట్టీకి వేలాడే పెద్ద భూతద్దం. "రారేమో అనుకున్నాను. మీ ఒంటి మీద ఈ దుమ్మేమిటి?"

"ముందు దీన్ని చూడండి సార్. దుమ్ము సంగతి తరవాత చెప్తా."

సంజీవరావు గారు దిగొచ్చి, డబ్బా అందుకుని, ప్లాట్‌ఫారం దీపం కింద నిలబడ్డారు. మూత తీశారు. పుష్పకుమారి అడగకుండానే గాలికి అడ్డంగా కొంగు పరిచి పట్టుకుంది. మగ్దలీనమ్మ కొంచెం దూరంగా, కర్ర రెండు చేతులతో పట్టుకుని, తల వంచి వింటోంది. ఇంజను పెట్టెలకు తగులుకుని రైలంతా ఒక్కసారి ఊగింది. సంజీవరావు గారి చెయ్యి ఊగలేదు.

ఆయన చాలాసేపు చూశారు. తిమోతి ముందే టపాలో పంపిన, పుష్పకుమారి గీసిన బొమ్మను సంచిలోంచి తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చూశారు.

"ఏమంటాడురా?" అంది మగ్దలీనమ్మ, ఉండబట్టలేక.

"మగదేనమ్మా," అన్నారు సంజీవరావు గారు. "ఒక్క పొలుసు కూడా రాలలేదు. ముప్పాతిక జీవితం వీటితోనే గడిపాను. ఇలాంటిది ఎక్కడా చూడలేదు. ఇది కొత్తదే. ఈ బొమ్మ గీసిందెవరు? నేను కలకత్తాలో జీతమిచ్చి పెట్టుకున్నవాడు ఇంత బాగా గీయడు."

పుష్పకుమారి తల దించుకుంది. తిమోతి నవ్వాడు, పొద్దున్నుంచి మొదటిసారి. తర్వాత జరిగిందంతా గబగబా చెప్పేశాడు. కట్టుమూట, సవారిబండి, మైకు, ఊదబోయిన పెద్దమనిషి. సంజీవరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"లండనులో ఈ కథ చెప్తే నమ్మరు. అది సరే, దీన్ని కానుకల్లో వేసిన దోషి ఎవరో దొరికారా?"

"నేనేనండీ," అంది పుష్పకుమారి వెంటనే. "ఇల్లు సర్దుతా..."

తిమోతి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆగింది. వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలింది.

గార్డు ఈల వేశాడు. సంజీవరావు గారు డబ్బాను చేతిసంచిలో భద్రంగా పెట్టుకుని పెట్టె ఎక్కారు. కిటికీ దగ్గరికి వచ్చి చిన్న అట్టముక్క, కలం తీశారు.

"అసలుది మరిచిపోయాం. జాతికి పేరు. కనిపెట్టిన హక్కు మీది. చాలామంది మొహమాటానికి పెద్దవాళ్ళ పేర్లు పెడతారు. నా పేరు పెడతానంటారేమోనని భయంగా ఉంది. బతికున్నవాళ్ళ పేరైనా ఫరవాలేదు. ఈ చిమ్మెట లోకంలో ఉన్నన్నాళ్ళూ ఆ పేరు ఉంటుంది. చెప్పండి, ఎవరి పేరు?"

బండి కదిలింది. ఇంజను కూత పెట్టింది. తిమోతి కిటికీ పట్టుకుని పక్కనే నడిచాడు, తర్వాత పరిగెత్తాడు.

"ఎవరి పేరూ?" అని ఆయన కేక వేశారు. "వినపడటం లేదు!"

తిమోతి వెనక్కి తిరిగి చూశాడు. దీపం కింద తెల్లచీర. దోషి అక్కడే నిలబడి ఉంది, తలవంచుకుని, కొడుకు నోటివెంట ఏ మాట వస్తుందోనని చెవి ఇటే పెట్టి.

"మా అమ్మ పేరు సార్!" అని గొంతు పగిలేలా అరిచాడు. కూజాలవాళ్ళు, కాఫీవాళ్ళు, స్టేషనంతా వినేలా అరిచాడు. "మా ఇంటి తొలికాపు దేవుడికి ఇచ్చిన మనిషి! మూట కట్టింది ఆమె! రాసుకోండి, మగ్దలీనమ్మ!"